సొంత ఊరితోనే సాంఘిక శాస్త్రం: ఒక్క పెట్టెలో పట్టే బోధనోపకరణాలు ఎలా తయారుచేసుకోవాలి

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారికి సామగ్రి కరువేమీ లేదు. దీక్ష యాప్‌లో వీడియోలున్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో పీపీటీ తిరుగుతుంది, స్టాఫ్ రూమ్ మూలన చుట్టచుట్టిన పటాలు దుమ్ము పట్టి ఉంటాయి. లేనిదల్లా పిల్లలు చేత్తో పట్టుకుని, కొలిచి, లెక్కకట్టి, "ఇది మా ఊరే" అనుకోగలిగే సామగ్రి. అది బజార్లో దొరకదు, ఎందుకంటే ఏ ఊరికి ఆ ఊరే తయారుచేసుకోవాలి.

ఇక్కడ చెప్పేది అలాంటి ఐదు వస్తువుల గురించి: మీ మండలం టోపోషీటు (ఎత్తుపల్లాలు, చెరువులు, రోడ్లు వివరంగా చూపే సర్వే పటం), దాన్నుంచి చేసే కొండ నమూనా, ఊరి జనాభా లెక్కల కాగితం, కాలరేఖ తాడు, మూలపత్రాల (ఆ కాలం నాటి అసలు రాతల) కార్డులు. ఆరు నుంచి పదో తరగతి దాకా ఇవే పనికొస్తాయి, పాఠ్యపుస్తకం మారినా పాడుకావు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. టోపోషీటుతో మొదలుపెట్టి యూనిట్‌కి ఒకటి చొప్పున చేర్చుకుంటూ పోతే ఏడాదికి పెట్టె నిండుతుంది.

ముందు గోడ మీద ఉన్నవి చూసుకోండి

కొత్తవి చేసేముందు పాతవాటిలో ఏవి తీసేయాలో తేల్చుకోవాలి. భారతదేశ రాజకీయ పటంలో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. తెలంగాణ విడిగా ఉందా (2014 జూన్ 2)? జమ్మూకశ్మీర్, లద్దాఖ్ రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా ఉన్నాయా (2019 అక్టోబర్ 31)? దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ ఒక్కటిగా ఉన్నాయా (2020 జనవరి 26)? మూడూ సరిగ్గా ఉంటే అది 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాల పటం. లేకపోతే పారేయనక్కర్లేదు. ఏది తప్పితే దాన్ని బట్టి వెనక పెద్దక్షరాలతో "2014కు ముందు", "2019కు ముందు" లేదా "2020కు ముందు" అని రాసి చరిత్ర పాఠానికి వాడండి.

ఇంటర్నెట్లో దొరికే అవుట్‌లైన్ పటాలతో ఇంకో చిక్కు ఉంది. విదేశీ సైట్లలోని వాటిలో కశ్మీర్ సరిహద్దు తెగి ఉంటుంది, అరుణాచల్ దగ్గర చుక్కల గీత ఉంటుంది. పిల్లలు దాన్నే అచ్చుగుద్దినట్టు పరీక్షలో గీస్తారు. అవుట్‌లైన్ పటం సర్వే ఆఫ్ ఇండియా సైటు నుంచి గానీ పాఠ్యపుస్తకం నుంచి గానీ తీసుకోండి.

మొదటి వస్తువు: మీ మండలం టోపోషీటు

సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ పటాలను 1:50,000 స్కేలులో పీడీఎఫ్‌గా ఉచితంగా ఇస్తోంది. వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో లాగిన్ అయితే దించుకోవచ్చు. ఒక్కో షీటులో 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర పడుతుంది.

షీటు నంబరు దగ్గరే చాలామంది ఆగిపోతారు. లెక్క తేలికే. మొదటి అక్షరం అక్షాంశాన్ని చెబుతుంది: 12 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా డి, 16 నుంచి 20 దాకా ఇ. తర్వాతి అంకె రేఖాంశానిది: 72 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా 43, 78 నుంచి 84 దాకా 44. అంటే వరంగల్, విజయవాడ, శ్రీకాకుళం ఇ44లో వస్తాయి. నెల్లూరు, కర్నూలు డి44లో, అనంతపురం డి43లో, జహీరాబాద్ ఇ43లో ఉంటాయి. ఇచ్ఛాపురం 84 దాటింది కాబట్టి ఇ45. పాత పుస్తకాల్లో కనిపించే 56కె/7 లాంటి నంబర్లు వేరే పద్ధతివి. హైదరాబాద్ ఆ షీటులోదే. రెండు పద్ధతుల్నీ కలిపి వెతికితే దొరకదు.

ప్రింటు తీయించేటప్పుడు షాపువాళ్లకు ఒకటే మాట గట్టిగా చెప్పండి: "యాక్చువల్ సైజు" పెట్టాలి, "ఫిట్ టు పేజ్" పెట్టకూడదు. ఫిట్ పెడితే పటం కాగితానికి సరిపోయేలా కుంచించుకుపోతుంది, స్కేలు చెడుతుంది. షాపులోనే స్కేలుబద్ద పెట్టి చూసుకోండి. పటం మీది ఒక కిలోమీటరు గడి సరిగ్గా 2 సెంటీమీటర్లు ఉండాలి. 1.9 వచ్చినా మళ్లీ తీయించండి. పూర్తి షీటు పెద్ద కాగితం మీద ఒక్కటి చాలు. మీ ఊరు నడిమధ్యన వచ్చేలా ఎ3 సైజు ముక్కలు ఎనిమిది తీయించండి. 40 మంది తరగతిలో ఐదుగురికి ఒకటి వస్తుంది. లామినేషన్ చేయించేటప్పుడు మెరుపు లేని రకం అడగండి. మెరిసే దాని మీద కిటికీ వెలుగు పడి వెనక కూర్చున్నవాళ్లకి ఏమీ కనిపించదు.

మొదటి పీరియడులో రంగులు చెప్పేసి ఊరుకోవద్దు. గోధుమ రంగు కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), నీలం నీళ్లు, ఆకుపచ్చ అడవి, పసుపు సాగుభూమి అని ఐదు నిమిషాల్లో ముగించి ఈ క్రమంలో పని ఇవ్వండి:

1. బడిని కనుక్కోమనండి. గుడి, చెరువు కట్ట, రోడ్ల కూడలి ఆనవాళ్లుగా పట్టుకుని వెతకాలి.
2. బడి నుంచి మండల కేంద్రానికి సూటిగా ఎంత దూరమో స్కేలుతో, రోడ్డు వెంబడి ఎంతో దారంతో కొలవమనండి. దారాన్ని ముందు తడిపితే వంపుల దగ్గర జారదు. వచ్చిన సెంటీమీటర్లను రెండుతో భాగిస్తే కిలోమీటర్లు.
3. గ్రిడ్ రిఫరెన్స్ (పటం మీది గళ్ల అంకెలతో ఒక చోటును చెప్పడం) రాయించండి. ముందు తూర్పు అంకెలు, తర్వాత ఉత్తరపు అంకెలు. సగం మంది తిరగేసి రాస్తారు. "ముందు గడప దాటు, తర్వాత మేడ ఎక్కు" అని చెబితే గుర్తుంటుంది.
4. చివరగా కాగితాన్ని నిలువునా రెండుగా మడిపించి, ఒకవైపు "పటంలో ఉంది, ఊళ్లో లేదు", ఇంకోవైపు "ఊళ్లో ఉంది, పటంలో లేదు" అని శీర్షికలు రాయించండి.

ఈ నాలుగో పనికి పూర్తిగా ఒక పీరియడు కేటాయించాలి. పటం అంచున సర్వే చేసిన సంవత్సరం రాసి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన బైపాస్, కొత్త కాలనీ, పూడ్చేసిన కుంట అన్నీ ఇందులో బయటపడతాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్లో అదే చోటి ఉపగ్రహ చిత్రం తీసి పక్కన పెడితే, భూవినియోగంలో మార్పు అనే పాఠం సగం అయిపోయినట్టే.

రెండో వస్తువు: కొండ నమూనా

కాంటూరు రేఖలు పిల్లలకు అర్థం కాకపోవడానికి కారణం ఒక్కటే. పైనుంచి చూసిన గీతను పక్కనుంచి చూసిన కొండతో కలుపుకోలేరు. నమూనా ఆ పని చేస్తుంది, కానీ కొలతలతో చేస్తేనే.

టోపోషీటులో 7 సెం.మీ. × 5 సెం.మీ. మేర, ఐదారు కాంటూరు రేఖలు స్పష్టంగా ఉన్న కొండను ఎంచుకోండి. నేల మీద అది 3.5 × 2.5 కిలోమీటర్ల చోటు. జిరాక్స్ మెషీన్‌పై ఒకసారి 200 శాతానికి పెంచి, వచ్చినదాన్ని మళ్లీ 200 శాతానికి పెంచితే నాలుగింతలై 28 × 20 సెం.మీ. వస్తుంది, ఎ4లో పడుతుంది. ఇప్పుడు పటం మీద రాసున్న 1:50,000 చెల్లదు, కొట్టేయండి. కొత్త స్కేలు 1:12,500. గీత రూపంలో ఉన్న స్కేలు మాత్రం పటంతోపాటే పెరుగుతుంది కాబట్టి ఎప్పుడూ చెల్లుతుంది. అందుకే పటానికి గీత స్కేలు ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

అట్టపెట్టెల నుంచి దాదాపు 5 మి.మీ. మందం అట్ట కోసుకోండి. ఆరు రేఖలుంటే ఆరు పొరలు, అడుగుకి ఇంకో రెండు. ప్రతి పొర మీద కార్బన్ పేపరుతో రెండు రేఖలు దించాలి: ఆ పొరను కోయాల్సిన రేఖ, దానిపైన కూర్చోబోయే పొర రేఖ. రెండోది మరిచిపోతే పై పొర ఎక్కడ పెట్టాలో తెలియక కొండ పక్కకి ఒరుగుతుంది. చెడిపోయే నమూనాల్లో ఎక్కువ ఇక్కడే చెడతాయి. కోసినవాటిని కింది నుంచి పైకి ఫెవికాల్‌తో అంటించి, పైన పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. అడుగు అట్టను రెండు పొరలు, గాడులు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా అంటించకపోతే ఆరేటప్పటికి వంకర తిరుగుతుంది. అట్టకు బదులు థర్మోకోల్ వాడితే రబ్బరు జిగురు దగ్గరికి రానీయకండి. అందులోని ద్రావణి థర్మోకోల్‌ను కరిగించేస్తుంది.

ఎత్తు లెక్క కూడా వేయించండి. టోపోషీటులో కాంటూరు అంతరం (పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడా) 20 మీటర్లయితే, 5 మి.మీ. అట్ట అంటే నిలువు స్కేలు 1:4,000. అడ్డం స్కేలు 1:12,500. కాబట్టి కొండ ఉన్నదానికన్నా మూడింతలు నిటారుగా కనిపిస్తోంది. పటాన్ని పెంచకుండా చేసుంటే పన్నెండున్నర రెట్లు నిటారుగా, సూదిమొనలా వచ్చేది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ భాగహారం కష్టమేమీ కాదు. మీ మండలంలో షీటు మీది అంతరం వేరుగా ఉంటే ఆ అంకె పెట్టుకోండి.

ఇక్కడో మాట. మెట్లు కనపడకుండా పేపరు గుజ్జు పూసి, ఆకుపచ్చ రంగేసి, రంపపు పొట్టు చల్లి చెట్లు నాటడం ప్రదర్శనలకు బాగుంటుంది, బహుమతీ వస్తుంది. కానీ మెట్టు అంచే కాంటూరు రేఖ. దాన్ని కప్పేస్తే నమూనా చెప్పాల్సిన సంగతే పోతుంది. మెట్లను అలాగే వదిలి, అంచుల మీద గోధుమ రంగు స్కెచ్ పెన్నుతో గీసి, ఎత్తు అంకెలు రాయండి. పాఠంలో పిల్లల్ని నిలబెట్టి నమూనాను నేరుగా పైనుంచి చూడమనండి, పక్కనే పటం పెట్టండి.

కోనసీమలోనో దివిసీమలోనో పనిచేస్తుంటే మీ షీటులో కొండే ఉండదు. అక్కడ నమూనా మానేసి కాలువల పటం చేయించండి: ప్రధాన కాలువ, పిల్ల కాలువ, మురుగు కాలువ మూడు రంగుల్లో, నీళ్లు ఎటు పోతున్నాయో బాణాలతో.

మూడో వస్తువు: ఊరి జనాభా లెక్కల కాగితం

2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కులు జనగణన శాఖ సైటులో ఉచితంగా ఉన్నాయి. ఎ భాగంలో ఊళ్లలోని సౌకర్యాలు (బడి, ఆసుపత్రి, తాగునీరు, బస్సు), బి భాగంలో జనాభా సంఖ్యలు ఉంటాయి. మీ ఊరి వరుసలు రెండూ తీసి ఒక పేజీలో పెట్టుకోవాలి.

వెతకడంలో వచ్చే తిప్పలన్నీ జిల్లాల మార్పు వల్లే. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. తెలంగాణలో ఇప్పుడు 33 ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 26 చేశారు. సిద్దిపేట ఊరిని మెదక్ పుస్తకంలో, సూర్యాపేట ఊరిని నల్గొండలో, అనకాపల్లి ఊరిని విశాఖపట్నంలో చూడాలి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, కుకునూరు లాంటి మండలాలు ఖమ్మం పుస్తకంలో ఉంటాయి. పుస్తకంలో ఊరంటే రెవెన్యూ గ్రామం. తండా, గూడెం, శివారు పల్లె విడిగా కనపడవు, అసలు గ్రామంలో కలిసి ఉంటాయి. 2018 తర్వాత పంచాయతీలైన తండాలకు వేరే వరుస ఉండదు. ఊరి పేరుండి జనాభా సున్నా ఉంటే అచ్చుతప్పు అనుకోవద్దు, అది మనుషులు లేని బేచిరాకు గ్రామం.

తరగతిలో చేయించాల్సిన మొదటి లెక్క అక్షరాస్యత, అందరూ తప్పేది కూడా అదే. ఒక ఊళ్లో మొత్తం జనాభా 2,400, 0–6 ఏళ్ల పిల్లలు 260, అక్షరాస్యులు 1,284 మంది అనుకుందాం. 1,284ను 2,400తో భాగిస్తే 53.5 శాతం వస్తుంది. అది తప్పు. అక్షరాస్యత రేటు ఏడేళ్లు, ఆపైన వాళ్లలోనే కడతారు. 2,400 నుంచి 260 తీసేస్తే 2,140, దానితో భాగిస్తే 60 శాతం. ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడిగా కట్టించండి. రెండింటి మధ్య తేడా చూశాక తరగతిలో వచ్చే ప్రశ్నలకు మీరు సిద్ధంగా ఉండాలి.

రాష్ట్రంతో, దేశంతో పోల్చేటప్పుడు ఏ సంఖ్య తీసుకుంటున్నారో చూసుకోండి. 2011 దేశ అక్షరాస్యత కొన్ని పుస్తకాల్లో 74.04 అనీ, కొన్నింట్లో 73 అనీ ఉంటుంది. మొదటిది తాత్కాలిక లెక్క, రెండోది తుది లెక్క. లింగ నిష్పత్తి (వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్ల సంఖ్య) కూడా అంతే, 940 తాత్కాలికం, 943 తుది.

పనివాళ్ల లెక్కకు ప్రధాన, ఉపాంత అనే తేడా చెప్పాలి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకుమించి పని దొరికినవాళ్లు ప్రధాన పనివారు, తక్కువైతే ఉపాంత పనివారు. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటీర పరిశ్రమ, ఇతరులు అనే నాలుగు రకాలను పదికి పది గళ్ల చదరంలో రంగులు నింపించండి. వంద గళ్లు కాబట్టి ఒక గడి ఒక శాతం. వృత్తచిత్రం గీయడానికి కోణమానిని వెతుక్కునే తిప్ప ఉండదు. తర్వాత ఇంటింటి సర్వే చేయించి ఇప్పటి పరిస్థితితో పోల్చాలనుంటే పది ఇళ్లు చాలు. ఆదాయం, కులం అడిగించకండి. పిల్లలు ఇబ్బంది పడతారు, ఇంటివాళ్లు నిజం చెప్పరు.

నాలుగో వస్తువు: కాలరేఖ తాడు

ఐదు మీటర్ల నూలు తాడు రెండు, బట్టల క్లిప్పులు అరవై, పోస్టుకార్డు సైజు అట్టముక్కలు. నైలాన్ తాడు సాగుతుంది, గుర్తులు జరిగిపోతాయి.

మొదటి తాడుకు 1 సెం.మీ. అంటే పదేళ్లు. క్రీ.పూ. 2600 నాటి హరప్పా నగరాల నుంచి ఇప్పటిదాకా దాదాపు 4 మీటర్ల 60 సెం.మీ. వస్తుంది. ఈ తాడు మీద 1885 నుంచి 1947 దాకా స్వాతంత్ర్యోద్యమం మొత్తం ఆరు సెంటీమీటర్లే. పిల్లలు అవాక్కవుతారు, అది చూడ్డానికే ఈ తాడు. సున్నా సంవత్సరం లేదని గుర్తుచేయండి. క్రీ.పూ. 100 నుంచి క్రీ.శ. 100కి 199 ఏళ్లే, 200 కాదు.

రెండో తాడు 1857 నుంచి 1956 దాకా, ఏడాదికి 5 సెం.మీ. పైన దేశపు కార్డులు, కింద మన ప్రాంతపు కార్డులు వేలాడదీయాలి. 1920–22 సహాయ నిరాకరణ కింద 1922–24 అల్లూరి సీతారామరాజు రంప తిరుగుబాటు, 1947 ఆగస్టు 15 పక్కన 1948 సెప్టెంబర్ 17 హైదరాబాద్ విలీనం, ఆ తర్వాత 1953 అక్టోబర్ 1 ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1 ఆంధ్రప్రదేశ్. కార్డు మీద తేదీ వెనకవైపు రాయండి. ముందువైపు సంఘటన చూసి పిల్లలే క్లిప్పు పెట్టాలి, తర్వాత తిప్పి చూసుకోవాలి.

ఊరి పెద్దల దగ్గర సమాచారం తెచ్చే ప్రాజెక్టుకూ ఈ తాడే ఆధారం. "ఏ సంవత్సరంలో తాతా?" అంటే ఎవరూ చెప్పలేరు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అంటే చెబుతారు (1977 నవంబర్). ఎమర్జెన్సీ (1975–77), రెండు రూపాయల బియ్యం (1983), తెలంగాణలో అయితే అరవైతొమ్మిది ఉద్యమం, కర్నూలు వైపు 2009 వరద. ఇలాంటి ఆనవాళ్లు ఆరేడు రాసిచ్చి పంపండి.

ఐదో వస్తువు: మూలపత్రాల కార్డులు

రాజ్యాంగ సభ చర్చలు 12 సంపుటాలుగా పార్లమెంటు సైటులో చదవడానికి దొరుకుతాయి. వాటిలో మునిగిపోవద్దు, తేదీతో పట్టుకోండి. అంటరానితనం రద్దు చేసే 17వ అధికరణం మీద సభ 1948 నవంబర్ 29న నిర్ణయం తీసుకుంది. ముసాయిదాలో దాని సంఖ్య 11, ఆ సంఖ్యతో వెతికితేనే దొరుకుతుంది. దుర్గాబాయి, ఎన్.జి. రంగా, అనంతశయనం అయ్యంగార్ లాంటి మనవాళ్ల ప్రసంగాలు చూస్తే తరగతికి ఆసక్తి పెరుగుతుంది. 100 నుంచి 120 మాటల భాగం ఎంచుకుని, మీరే తెలుగు చేసి, కార్డుకి ఒకటి చొప్పున రాసుకోండి. అంతకు మించితే పీరియడంతా చదవడానికే సరిపోతుంది.

ప్రతి కార్డు కింద మూడే ప్రశ్నలు: ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారు? ఏం కావాలంటున్నారు? ఇందులో ఎవరి మాట వినపడటం లేదు? మూడోదానికి జవాబు రాకపోయినా తొందరపడి మీరు చెప్పేయొద్దు.

పాత తెలుగు పత్రికల స్కాన్ ప్రతులు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అరసున్నలు, బండి ఱ, మసకబారిన అచ్చు పిల్లలకు అడ్డం వస్తాయి కాబట్టి అదే భాగాన్ని ఇప్పటి లిపిలో టైపు చేసి, స్కాన్ కాగితం పక్కనే పెట్టండి. ఊళ్లో శాసనం ఉంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అక్షరాల లోతు నీడగా పడుతుంది. సుద్దపొడి నింపడం, నూనె రాయడం, రంగు వేయడం చేయనీయకండి. రాయి పాడవుతుంది.

పౌరశాస్త్రానికి ఇంకో కార్డు కావాలంటే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ జమాఖర్చులు దొరుకుతాయి. ఒక ఏడాది ఖర్చు పట్టిక ప్రింటు తీసి, రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల (పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల) జాబితా పక్కన పెట్టి, ఏ ఖర్చు ఏ అంశం కిందికి వస్తుందో గుర్తు పెట్టించండి. గ్రామసభకు ముందు వారం చేయిస్తే బాగుంటుంది.

పెట్టె సర్దడం

పటాలను మడవద్దు, చుట్టి పీవీసీ గొట్టంలో పెట్టండి. మడత పడినచోట లామినేషన్ పగిలి నీరు దిగుతుంది. కొండ నమూనా అట్టతో చేసింది కాబట్టి నేల మీద పెడితే చెదలు పడతాయి, బీరువా పై అరలో ఉంచాలి. వేపాకు కన్నా నాఫ్తలీన్ ఉండలు మేలు, కానీ పిల్లల చేతికి అందకుండా గుడ్డలో కట్టి పెట్టండి. క్లిప్పులు, స్కెచ్ పెన్నులు పోతూనే ఉంటాయి, పెట్టె మూత లోపల జాబితా అంటించి పీరియడు చివర ఒక గ్రూపు లీడరు చేత లెక్క పెట్టించండి. జనాభా కాగితం మీద "2011" అని పెద్దగా రాసి ఉంచాలి. 2027 జనగణన సంఖ్యలు వచ్చినప్పుడు దీన్ని తీసేయకుండా కొత్తది పక్కన పెడితే రెండు నిలువు వరుసల పట్టిక తయారవుతుంది.